రోహిణి ఎండ, నల్లమసి, నూనెచుక్క



రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ముందు ఒక చప్పుడు గురించి చెబుతాను. రైఫిల్ పేలిన చప్పుడు మీలో చాలామంది ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. నేను చెప్పేది అంతకన్నా చాలా చిన్నది. బోల్టును వెనక్కి లాగి వదిలితే, స్ప్రింగు దాన్ని ముందుకు తోసి, తూటా కూర్చునే చాంబర్ దగ్గర కూర్చోబెడుతుంది. శుభ్రంగా ఉన్న రైఫిలయితే ‘ఠక్’మని ఒక్కటే మాట. లోపల మసీ దుమ్మూ పేరుకున్న రైఫిలయితే ఆ మాటకు ముందు చిన్న గీర వినిపిస్తుంది, అన్నంలో రాయి పంటికి తగిలినట్టు. ఆ గీర విన్నాక ఆ తుపాకీని డ్యూటీకి ఇవ్వకూడదు.

నా ఉద్యోగమంతా పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా గడిచింది. తుపాకులు విప్పడం, తుడవడం, బాగుచేయడం, మళ్లీ బిగించడం. కళ్లజోడు వచ్చిన తర్వాత కూడా చెవి నన్ను మోసం చేయలేదు. ఆ చెవికి అలవాటైన సంగతులే ఇవాళ నాలుగు చెబుతాను.

మన ప్రాంతం మీకు తెలియనిది కాదు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా పోయి గోదావరి దాటితే భద్రాచలం, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల. ఆ పైన ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాల అడవి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలన్న మాట ఇక్కడ ఊరికే పుట్టలేదు. మే నెలాఖరులో 45 డిగ్రీలు దాటిన రోజు మనకు వార్త కూడా కాదు. టేకు ఆకులు రాల్చేసి నిలబడుతుంది. బాట మీద అడుగు వేస్తే పిండిలాంటి దుమ్ము లేస్తుంది. మణుగూరు, కొత్తగూడెం వైపైతే ఆ దుమ్ములో బొగ్గు పొడి కూడా కలుస్తుంది. ఆకు రాలిన అడవిలో చూపు దూరం పోతుంది కనుక ఎండాకాలమే ఇక్కడ మావోయిస్టుల కోసం గాలింపుల కాలం, వాళ్ల ఎదురుదాడుల కాలం కూడా. తుపాకీకి అన్నిటికన్నా కష్టమైన కాలంలోనే దానికి పని ఎక్కువ.

ఒక ఉదాహరణ చూడండి. 2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 దాకా, 21 రోజులు, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో భద్రతా బలగాల ఆపరేషన్ జరిగింది. ఆ గుట్టలకు మన వైపున్న వెంకటాపురం, వాజేడు మండలాలు ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నాయి గానీ 2016 దాకా ఖమ్మం జిల్లావే. 31 మంది మావోయిస్టులు చనిపోయారని, 18 మంది జవాన్లు గాయపడ్డారని అధికారులు చెప్పారు. పగటి ఎండ 45 డిగ్రీలు దాటిందని, చాలామంది జవాన్లకు ఒంట్లో నీరు ఇంకిపోయిందని కూడా అదే ప్రకటనలో ఉంది. ఆ వార్త వినగానే నా మనసు ముందు మనుషుల మీదికి, ఆ వెంటనే వాళ్ల భుజాల మీదున్న ఇనుము మీదికి పోయింది. మనిషికి దాహం వేస్తే అడుగుతాడు. రైఫిల్ అడగదు.

వేడి తుపాకీని ఏం చేస్తుందని ఎవరినైనా అడగండి. ‘ఇనుము ఉబ్బుతుంది, తూటా ఇరుక్కుంటుంది’ అంటారు. చిన్న లెక్క వేద్దాం. మన దేశంలోనే తయారైన ఇన్సాస్ రైఫిల్ బ్యారెల్ పొడవు 464 మిల్లీమీటర్లు. అది 40 డిగ్రీలు వేడెక్కితే పొడవులో పెరిగేది మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా కాదు. తూటా పోయే రంధ్రం వెడల్పులో వచ్చే తేడా మూడు మైక్రాన్ల లోపే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఇక ఎండకు ఉబ్బి ఇరుక్కోవడమెక్కడిది? ఎండ దొంగదారిన వస్తుంది.

మొదటి దారి నూనె. నల్లటి ఉక్కును ఎండలో ఉంచితే 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. ఆ వేడికి నూనె నీళ్లలా పలచబడి జారిపోతుంది. రైఫిల్ ఎప్పుడూ మడమ కింద, మూతి పైన పెట్టి నిలబెట్టి ఉంటుంది కదా, జారిన నూనె ట్రిగ్గర్ భాగాల్లోకి దిగుతుంది. కావలసిన చోట పొడి, అక్కర్లేని చోట జిడ్డు. ఆ జిడ్డు మీద దుమ్ము వాలుతుంది. నూనెలో నానిన దుమ్మంటే ఆకురాయి ముద్దే. బోల్టు కదిలిన ప్రతిసారీ ఇనుమును అరగదీస్తుంది.

రెండో దారి మందు. తూటాలోని మందు వేడెక్కితే త్వరగా మండుతుంది, లోపలి ఒత్తిడి పెరుగుతుంది. బోల్టు వెనక్కి మరింత జోరుగా కొట్టుకుంటుంది, గుండు గురి కన్నా కాస్త పైన తగులుతుంది. జీపు అద్దం కింద మ్యాగజైన్లు పెట్టి టీ తాగడానికి పోవద్దని కొత్త కానిస్టేబుళ్లకు వందసార్లు చెప్పి ఉంటాను.

మూడోది చెమట. చెమటంటే ఉప్పునీరు. ఒకసారి గాలింపు నుంచి వచ్చిన రైఫిల్‌ను తుడవకుండా అలాగే అప్పగించి పోయాడొక అబ్బాయి. రెండు రోజుల తర్వాత తీసి చూస్తే దాని ఒంటి మీద తుప్పుతో అచ్చు గుద్దినట్టు నాలుగు వేళ్లు, బొటనవేలు. మనిషి వెళ్లిపోయాడు, చెయ్యి మిగిలింది. అతన్ని పిలిచి ఆ ముద్ర మీద అతని చెయ్యే పెట్టించాను. సరిగ్గా సరిపోయింది. ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత అతను తుడవకుండా తుపాకీ ఇచ్చింది లేదు.

ఇక మసి సంగతి. దీని కథ పాతది. పాత నల్లమందు కాలితే దాని బరువులో సగానికి పైగా బూడిదగా, మసిగా మిగిలిపోయేది. కొన్ని గుళ్లు కాల్చేసరికి గొట్టం లోపల పొర కట్టి, తర్వాతి గుండు దిగేది కాదు. పైగా ఆ మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేది. మసి మెత్తబడి గుండు సులువుగా దిగాలనే ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటా కాగితానికి కొవ్వు రాశారు. 1857లో సిపాయిలు నోటితో కొరకం అన్నది ఆ కాగితాన్నే. ఆ తిరుగుబాటుకు కారణాలు ఎన్నో ఉన్నాయి. అయినా నిప్పు అంటుకున్న చోట ఉన్నది తుపాకీ గొట్టంలోని మసికి చేసిన మందు.

మన వైపూ తుపాకుల చరిత్ర ఉంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను వరసగా మూడు రోజుల్లో కొట్టాడు. చిక్కినవి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు. భద్రాచలం తాలూకా కూడా అప్పట్లో గోదావరి ఏజెన్సీలోదే, 1959లో గానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు. ఆ కథ వినేవాళ్లకు స్టేషన్ల మీద దాడి కనిపిస్తుంది. ఆర్మరర్‌కు మాత్రం ఆగస్టు నెల కనిపిస్తుంది. కొండల్లో ముసురు, తడి బట్టలు, తడి నేల. ఆ 26 తుపాకులను అంత వానలో పొడిగా ఉంచడం ఎంత పనో ఆ పని చేసినవాడికి తెలుస్తుంది.

ఇప్పటి మందు పొగ లేనిది. అంతమాత్రాన మసి లేదని కాదు. తుపాకీలో మూడు రకాల మకిలి చేరుతుంది. మందు కాలిన మసి ఒకటి. గుండు పైనున్న రాగి తొడుగు గొట్టం గాడులకు రాసుకుని అంటే పూత రెండోది. మూడోది బయటి నుంచి వచ్చే దుమ్ము. ఇన్సాస్, ఏకే, పాత ఎస్సెల్లార్ వంటి రైఫిళ్లలో గుండు వెనకాల వచ్చే వేడి గాలిలో కొంత భాగాన్ని పక్కకు మళ్లించి పిస్టన్‌ను తోయిస్తారు. ఆ తోపుతోనే ఖాళీ తొడుగు బయటికి పోయి కొత్త తూటా లోపలికి వస్తుంది. తుపాకీకి ఊపిరితిత్తులంటే ఆ గాలి దారీ, ఆ పిస్టనూ అనుకోండి. మసి ముందు పట్టేది అక్కడే. మన మిరప తోటలో స్ప్రేయర్ నాజిల్ పూడితే ఏమవుతుంది? మోటారు నడుస్తూనే ఉంటుంది, మందు మాత్రం రాదు. ఇదీ అంతే. పిస్టన్‌కు తోపు తగ్గి బోల్టు సగం దూరమే వెళ్లి తిరిగి వస్తుంది. ఖాళీ తొడుగు తలుపు సందులో వేలు పడ్డట్టు ఇరుక్కుంటుంది.

ఎస్సెల్లార్‌లో దీనికో ఉపాయం ఉండేది. గ్యాస్ రెగ్యులేటర్ అని ఒక చిన్న బిళ్ల. మసి పట్టి తోపు తగ్గితే దాన్ని తిప్పి గ్యాస్ పెంచుకోవచ్చు. అడవిలో, ఆపదలో, ప్రాణం నిలిపే సౌకర్యమది. కానీ తిరిగొచ్చాక దాన్ని మళ్లీ మొదటి గుర్తుకు తేకుండా, లోపల గీకకుండా, ‘పని చేస్తోంది కదా సార్’ అనేవాళ్లుండేవారు. పొయ్యి గొట్టం పూడిందని గట్టిగా ఊదుతూ కూర్చుంటే ఎంతకాలం? గొట్టం తీసి దులపాలి.

వేడీ మసీ కలిస్తే ఎంత పని చేస్తాయో చెప్పడానికి వియత్నాం చాలు. 1965 తర్వాత అమెరికా సైనికులకు ఎం-16 రైఫిళ్లు ఇచ్చారు. దీన్ని పెద్దగా తుడవక్కర్లేదన్న మాట పాకింది. తుడిచే సామాను కూడా సరిగా అందలేదు. మధ్యలో తూటాలోని మందు రకం మార్చారు, మసి పెరిగింది. చాంబర్‌కు క్రోమియం పూత వేయలేదు, ఆ తేమకు అది తుప్పు పట్టింది. ఖాళీ తొడుగులు లోపలే అతుక్కుపోయి, విప్పిన రైఫిల్ పక్కన సైనికులు చనిపోయి పడి ఉన్నారన్న ఉత్తరాలు ఇళ్లకు చేరాయి. 1967లో అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణ చేసింది. చాంబర్‌కు పూత వేశారు, తుడిచే సామాను ఇచ్చారు. 1968లో విల్ ఐస్నర్ అనే బొమ్మల కథల చిత్రకారుడి చేత రైఫిల్ సంరక్షణ మీద ఏకంగా ఒక బొమ్మల పుస్తకమే వేయించారు. అంత పెద్ద సైన్యం కూడా చివరికి గుడ్డముక్క దగ్గరికే వచ్చింది.

మన ఇన్సాస్‌కూ ఇలాంటి కష్టాలు తప్పలేదు. 1999లో కార్గిల్ చలికి దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని ఫిర్యాదులొచ్చాయి. 2005 ఆగస్టులో నేపాల్‌లోని కాలికోట్ జిల్లాలో మావోయిస్టులతో గంటల తరబడి పోరు జరిగి 40 మందికి పైగా సైనికులు చనిపోతే, రైఫిళ్లు వేడెక్కి మొరాయించాయని నేపాల్ సైన్యం అంది. లోపం తుపాకీది కాదు, వాడకంలో ఉందని మన దేశం జవాబిచ్చింది. 2014లో సీఆర్‌పీఎఫ్ కూడా నక్సల్ ప్రాంతాల్లో ఇన్సాస్ బదులు ఏకే రైఫిళ్లు కావాలని అడిగింది. తప్పు ఎవరిదన్న తగవు నేను తీర్చలేను. నా బల్ల మీదికి వచ్చినప్పుడు మాత్రం రెండు మాటలూ కొంత కొంత నిజంగానే కనిపించేవి. భాగాలు దగ్గర దగ్గరగా కూర్చునే తుపాకీ మసిని తక్కువ సహిస్తుంది. దాన్ని అలాగే వదిలేసే మనిషి ఉంటే అసలే సహించదు.

ఏకే సంగతి వేరని అందరూ అంటారు. నిజమే. దాని భాగాల మధ్య సందు ఎక్కువ, పిస్టన్ బరువుగా ఉంటుంది, దుమ్ము చేరినా తోసుకుపోతుంది. కానీ ‘ఏకేని తుడవక్కర్లేదు’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు వియత్నాం గుర్తొచ్చేది. అక్కడా మొదలైంది ఆ మాటతోనే.

వేడిలో ఇంకో ప్రమాదం ఉంది. ఆగకుండా కాలిస్తే చాంబర్ కాగిన పెనంలా అవుతుంది. అప్పుడు లోపల తూటా ఉంచి వదిలేస్తే, ట్రిగ్గర్ నొక్కకపోయినా ఆ వేడికే అది పేలవచ్చు. అందుకే కాల్పులు ఆగగానే తూటా తీసేసి, మూతి మనుషుల వైపు లేకుండా చూసి, బోల్టు తెరిచి గాలి తగలనివ్వాలి. చాలా మెషిన్‌గన్నుల్లో కాల్పులు ఆపినప్పుడు బోల్టు తెరుచుకునే ఉండేలా తయారు చేసింది కూడా ఇందుకే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఇన్నేళ్లలో నా బల్ల మీదికి వచ్చిన మొరాయింపులను రెండు కుప్పలుగా పోస్తే, నూనె చాలక మొరాయించినవి చిన్న కుప్ప. నూనె ఎక్కువై మొరాయించినవి పెద్ద కుప్ప. ఎండ చూడగానే మనిషి చెయ్యి నూనె సీసా మీదికే పోతుంది. పొడిగా ఉందే పాపం అనిపిస్తుంది. అమ్మ పిల్లవాడి తలకు పట్టించినట్టు పట్టిస్తాడు. ఆ ప్రేమే దుమ్మును పిలుస్తుంది. మీ ఇంట్లో కుట్టుమిషను ఉంటే చూడండి. ఎక్కువ నూనె పోసిన మిషను కింద నూలు పీచు, దుమ్ము కలిసి నల్లటి ఉండలు కడతాయి. ఎడారిలో పోరాడిన సైన్యాలు కూడా ఈ పాఠమే నేర్చుకున్నాయి. ఇసుక గాలిలో తుపాకీని దాదాపు పొడిగా ఉంచేవారు.

ఓ కొత్త కుర్రవాడు ఒకరోజు రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

‘అద్దంలా ఉంది సార్, వెలుగులో పెట్టి చూడండి’ అన్నాడు.

చూశాను. బ్యారెల్ నిజంగానే అద్దంలా ఉంది, గాడులు మెరుస్తున్నాయి. తెల్లటి గుడ్డముక్క తీసి చిటికెన వేలికి చుట్టి చాంబర్ లోపలి అంచున ఒక్కసారి తిప్పాను. గుడ్డ మీద కాటుక రేఖలాంటి నల్లటి వలయం.

‘తమ్ముడూ, నువ్వు బాట తుడిచావు. గుమ్మం తుడవలేదు’ అన్నాను.

తూటా కూర్చునేది అక్కడే, తొడుగు పట్టేసేదీ అక్కడే. అతను ఏమీ అనకుండా నా చేతిలోని గుడ్డ తీసుకుని మళ్లీ కూర్చున్నాడు.

తుడిచే గుడ్డ కొలత కూడా ఉత్త తంతు కాదు. ఎన్‌సీసీలో చేరిన పిల్లలకు తెలుసు, నాలుగంగుళాలు పొడవు, రెండంగుళాలు వెడల్పు. హిందీ శిక్షకులు చిందీ అంటారు. పుల్‌త్రూ తాడుకు కట్టి లాగితే గొట్టానికి బిగుతుగా సరిపోతుంది. పెద్దదైతే ఇరుక్కుంటుంది, చిన్నదైతే మసిని పలకరించి వచ్చేస్తుంది. అంతకన్నా ముందు ఒక పని ఉంది. మ్యాగజైన్ తీయాలి, బోల్టు లాగాలి, చాంబర్ ఖాళీ అని కంటితో చూసి వేలితో తడమాలి. ఖాళీ తుపాకీ అనుకున్నదే మనుషులను చంపింది. ఆ తర్వాతే విప్పడం. కాల్చిన రోజు తుడిస్తే సరిపోదు, మర్నాడు, ఆ మర్నాడు కూడా గుడ్డ వేసి చూడాలి. సందుల్లోని మసి మెల్లగా బయటికి వస్తుంది. గుడ్డ మొదట నల్లగా, తర్వాత బూడిద రంగుగా, ఆఖరికి తెల్లగా రావాలి. నూనె ఎంతంటే, గుడ్డకు రాసి తుడిస్తే ఇనుము మీద మెరుపు కనిపించాలి, వేలితో రాస్తే తడి అంటకూడదు.

ఆయుధాగారం బయట ఉన్నవారికీ ఒక మాట చెప్పాలి. అడవి పల్లెల్లో నాటు తుపాకులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. గొట్టంలో మసి గడ్డకట్టి, తుప్పు తిన్న ఇనుములో నల్లమందు దట్టించి కాలిస్తే గొట్టమే చీలి కాల్చినవాడి చెయ్యి, కన్ను పోతాయి. 1972 వన్యప్రాణి చట్టం వేటను నిషేధించింది, లైసెన్సు లేని తుపాకీ నేరం. చట్టం మాట అటుంచినా, ఆ తుపాకీ ముందున్న జంతువుకు ఎంత ప్రమాదమో వెనకున్న మనిషికీ అంతే. వాటిని అప్పగించడమే మేలు.

చివరిగా ఒక సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. రైతుకు కార్తెలున్నట్టే ఆర్మరర్‌కూ కార్తెలుంటాయి. రోహిణిలో దుమ్ము చూడాలి, నూనె తగ్గించాలి. మృగశిర ప్రవేశించగానే లెక్క మారిపోతుంది. ఏటా జూన్ మొదటి వారం తర్వాత ఒక సాయంత్రం తొలకరి పడేది. కాలిన మట్టి వాసన లేచేది. కానిస్టేబుళ్లంతా బ్యారక్ బయటికి పరుగెత్తి ముఖాలు పైకెత్తి తడిసేవాళ్లు. నాకూ వెళ్లాలనే ఉండేది. కానీ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన రైఫిళ్లు వేడి మీద ఉండేవి, వాటి మీద చినుకులు పడి ఉండేవి. రోజంతా కారిన చెమట ఉప్పు వాటి మీద ఉండేది. రాత్రి తెల్లవారేలోగా తుప్పు మొదలవుతుంది. నేను లోపలికి వెళ్లి దీపం వేసి, మొదటి రైఫిల్ బోల్టు లాగి, చెవి దగ్గర పెట్టుకుని వదిలేవాణ్ని. బయట వాన హోరు. ఆ హోరులో కూడా గీర వినిపిస్తే దాన్ని పక్కన పెట్టేవాణ్ని. ఉత్త ‘ఠక్’ వినిపిస్తే తర్వాతి దాని మీదికి చెయ్యి పోయేది.